మార్కులు మనవి, తాళం వాళ్లది



నోటిఫికేషన్ పడగానే మనం ఖాళీలెన్నో చూస్తాం. మన కేటగిరీకి ఎన్ని వచ్చాయో లెక్కేస్తాం. ప్రిలిమ్స్ తేదీ చూసి టైమ్‌టేబుల్ వేసుకుంటాం. చివరి పేజీల్లో ఉండే "జతపరచవలసిన ధ్రువపత్రాలు" అనే భాగం దగ్గరికి వచ్చేసరికి "అది తర్వాత చూద్దాంలే" అనుకుంటాం. పరీక్ష పాసవడమే కష్టం, కాగితాలు తెచ్చుకోవడం ఎంతసేపు అని మన నమ్మకం. కానీ ఏళ్ల తరబడి చదివి ఎంపిక జాబితా దాకా వచ్చినవాళ్లకు కూడా నిద్ర పట్టనివ్వనిది చాలాసార్లు ఆ కాగితమే.

సివిల్స్‌కు డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నవాళ్లూ దరఖాస్తు చేయవచ్చు. అయితే మెయిన్స్ దశకు వచ్చేసరికి డిగ్రీ పాసైనట్టు రుజువు చూపాలి. గ్రూప్స్‌లో వెరిఫికేషన్‌కు పిలిచినప్పుడు ఒరిజినల్స్ చేతిలో ఉండాలి. మన తోటివాళ్లలో విదేశాలకు వెళ్లేవాళ్లకు సీల్డ్ కవర్లో ట్రాన్స్‌క్రిప్టులు కావాలి. అన్ని చోట్లా కథ ఒకటే. గడువు పెట్టేది ఒకరు, కాగితం ఇవ్వాల్సింది ఇంకొకరు, గడువు దాటితే నష్టపోయేది మాత్రం మనం.

ఈ వ్యాసంలో నేను వాదించేది ఒక్కటే. విశ్వవిద్యాలయం దగ్గరున్న మన చదువు రికార్డు మనదే. విశ్వవిద్యాలయం దానికి కాపలాదారు, యజమాని కాదు. కాబట్టి దాన్ని ఇవ్వడం దయ కాదు, బాధ్యత. ఇంకో అడుగు ముందుకేసి చెప్పాలంటే, అది మనం అడిగాక కదలాల్సిన ఫైలు కాదు, ఫలితం వెలువడిన రోజు నుంచే వాళ్ల మీద నడవాల్సిన గడువు. ఈ మాటను జీఎస్-2 సమాధానంలో రాయడానికీ పనికొస్తుంది, రేపు మీ కాగితం కోసం కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడూ పనికొస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఏ కాగితం దేనికో తేల్చుకుందాం

మార్కుల మెమో అంటే ఒక్కో సెమిస్టరుకు ఇచ్చేది. అన్నీ కలిపి ఒకే షీటులో ఇచ్చేది కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, మన భాషలో సీఎంఎం. పాసైన వెంటనే తాత్కాలికంగా ఇచ్చేది ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే పీసీ. స్నాతకోత్సవం తర్వాత వచ్చే అసలు పట్టా ఒరిజినల్ డిగ్రీ, అంటే ఓడీ. ట్రాన్స్‌క్రిప్ట్ వీటన్నిటికంటే వేరు. చదివిన సబ్జెక్టులు, క్రెడిట్లు, గ్రేడ్లు మొత్తం రాసి, విశ్వవిద్యాలయం సంతకం, ముద్రతో, చాలాసార్లు సీల్ చేసిన కవర్లో, బయటి సంస్థకు చూపడానికి ఇచ్చేది అది. ఇవి కాక కాలేజీ ఇచ్చే టీసీ, బోనఫైడ్, ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి మారేటప్పుడు అడిగే మైగ్రేషన్ సర్టిఫికెట్ ఉంటాయి.

ఈ తేడా ఎందుకంటే, అనుబంధ కళాశాలల్లో చదివినవాళ్లకు వీటిలో కొన్ని కాలేజీ నుంచి, కొన్ని విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం నుంచి వస్తాయి. నేను ఇంజినీరింగ్ చదివింది అలాంటి అనుబంధ కళాశాలలోనే. ట్రాన్స్‌క్రిప్టుల కోసం వెళ్తే విశ్వవిద్యాలయంలో "మీ ప్రిన్సిపాల్ లెటర్ తీసుకురా బాబూ" అన్నారు. కాలేజీకి వెళ్తే "ముందు అక్కడ చలానా కట్టి, రసీదు తెస్తే లెటర్ ఇస్తాం" అన్నారు. చలానా కడదామంటే అక్కడ లెటర్ నంబరు అడిగారు. ఎవరూ కాదనలేదు, ఎవరూ కసురుకోలేదు. కానీ పని మాత్రం జరగలేదు. మీలో చాలామందికి ఇది కొత్త కథేమీ కాదని నాకు తెలుసు. ఇందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. బాధ్యత ఎవరిదో రాసిపెట్టి లేకపోవడమే సమస్య.

మన విశ్వవిద్యాలయాలు పుట్టిందే ఈ పనికి

1854 నాటి వుడ్స్ డిస్పాచ్ తర్వాత, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయని మనం ఆధునిక చరిత్రలో చదువుకున్నాం. అవి ఆనాటి లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో వచ్చాయి. అంటే మొదట్లో వాటి ప్రధాన పని పాఠం చెప్పడం కాదు. పాఠం కళాశాలల్లో జరిగేది. విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టి, ఫలితం రాసుకుని, పట్టా ఇచ్చేది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు విద్యార్థుల పట్టాలు మద్రాసు నుంచే రావాల్సి వచ్చేది.

దీన్నిబట్టి మనం గమనించాల్సింది ఏమిటంటే, రికార్డు రాసి, భద్రపరచి, ధ్రువీకరించడం విశ్వవిద్యాలయానికి పక్క పని కాదు. పరిశోధన, క్యాంపస్, ర్యాంకింగులు ఇవన్నీ తర్వాత వచ్చాయి. పట్టా ఇవ్వడం మొదటి నుంచీ ఉంది. 1956 యూజీసీ చట్టం 22వ సెక్షన్ కూడా డిగ్రీ ఇచ్చే అధికారాన్ని విశ్వవిద్యాలయాలకు, చట్టం అనుమతించిన సంస్థలకు మాత్రమే పరిమితం చేసింది. ఒక కాగితం ఇచ్చే హక్కు దేశంలో నీకు తప్ప మరొకరికి లేదన్నప్పుడు, దాన్ని సకాలంలో ఇవ్వాల్సిన బాధ్యత కూడా అంతే గట్టిగా ఉండాలి. మీ డిగ్రీ ఆలస్యమైతే ఇంకో దుకాణానికి వెళ్లి తెచ్చుకోలేరు కదా.

విశ్వవిద్యాలయాలు విడిపోయినప్పుడు ఈ బరువు ఇంకా పెరుగుతుంది. 1972లో ఏర్పడిన జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. ఇలా విడిపోయిన ప్రతి చోటా పాత బ్యాచ్‌ల రిజిస్టర్లు ఎవరి దగ్గర ఉండాలి, సంతకం ఎవరు పెట్టాలి అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు వెతకాల్సింది కార్యాలయాలు, ఇరవై ఏళ్ల కింద పాసైన విద్యార్థి కాదు.

చట్టం మన పక్షాన ఎంతవరకు ఉంది?

రాజ్యాంగం 12వ అధికరణ కింద ప్రభుత్వ విశ్వవిద్యాలయం "రాజ్యం" పరిధిలోకి వస్తుంది. కాబట్టి 14వ అధికరణ దానికి వర్తిస్తుంది. ఏకపక్షంగా వ్యవహరించడం సమానత్వానికి విరుద్ధమని రాయప్ప కేసు (1974), మేనకా గాంధీ కేసు (1978) నుంచి మనం చదువుతూనే ఉన్నాం. ఒకే రోజు దరఖాస్తు చేసిన ఇద్దరిలో తెలిసినవాళ్లున్న వ్యక్తికి వారంలో, లేని వ్యక్తికి మూడు నెలల్లో కాగితం వస్తే అది 14వ అధికరణ సమస్యే.

యూజీసీ 2008లో తెచ్చిన డిగ్రీల ప్రదాన నిబంధనలు, విద్యార్థి అర్హత సాధించాల్సిన తేదీ నుంచి 180 రోజుల్లోపు డిగ్రీ ఇవ్వాలని చెబుతున్నాయి. స్నాతకోత్సవానికి ముఖ్య అతిథి దొరకలేదన్నది ఈ గడువును దాటడానికి కారణం కాకూడదు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. సమాధానంలో రాయడానికీ, ఉత్తరంలో ప్రస్తావించడానికీ పనికొస్తుంది.

2005 సమాచార హక్కు చట్టం తర్వాత పరిస్థితి ఇంకాస్త మారింది. సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ మధ్య నడిచిన కేసులో 2011లో సుప్రీంకోర్టు, దిద్దిన జవాబు పత్రం కూడా "సమాచారం" కిందికి వస్తుందనీ, రాసిన విద్యార్థికి దాన్ని చూసే, నకలు పొందే హక్కు ఉందనీ తేల్చింది. దిద్దిన పేపరే చూపాల్సి ఉన్నప్పుడు, ఆ పేపరుకు వచ్చిన మార్కుల రికార్డును దాచే వాదనకు బలం ఎక్కడిది?

అయితే ఈ హక్కుకు హద్దులున్నాయి. 2018లో అంగేశ్ కుమార్ కేసులో యూపీఎస్సీ సివిల్స్ మార్కుల వివరాలను యాంత్రికంగా బయటపెట్టాలని ఆదేశించలేమని అదే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి "సమాచార హక్కు ఉంది, ఏదైనా ఇచ్చి తీరాలి" అని రాస్తే మార్కులు పోతాయి. పరీక్ష నిర్వహణ గోప్యత ఒక విషయం, అయిపోయిన పరీక్షలో నా తుది ఫలితానికి అధికారిక ధ్రువీకరణ ఇంకో విషయం. రెండూ కలపకండి.

పేరు తప్పుల విషయంలో 2021 నాటి జిగ్యా యాదవ్ తీర్పు ముఖ్యం. సీబీఎస్ఈ సర్టిఫికెట్లలో పేరు మార్పుల మీద వచ్చిన ఆ కేసులో, పేరు అనేది వ్యక్తి గుర్తింపులో భాగమనీ, 19(1)(ఎ) కింద భావ ప్రకటన స్వేచ్ఛ పరిధిలోకి వస్తుందనీ సుప్రీంకోర్టు అంది. మన దగ్గర ఇంటిపేరు ముందు రాయడం, పొడి అక్షరాలు పెట్టడం, తండ్రి పేరు ఒక్కో మెమోలో ఒక్కో స్పెల్లింగులో ఉండటం మామూలే. ఒక గుమాస్తా టైపు చేసిన అక్షరం వల్ల ఒక అభ్యర్థి గుర్తింపే అనుమానంలో పడుతుంది. దాన్ని సరిదిద్దే దారి సులువుగా ఉండాలన్నది ఆ తీర్పు నుంచి మనం తీసుకోవాల్సిన సారం.

మూసుకున్న తలుపులు

"డబ్బు కట్టాం, సేవ అందలేదు, వినియోగదారుల ఫోరానికి వెళ్దాం" అని చాలామందికి అనిపిస్తుంది. బిహార్ స్కూల్ ఎగ్జామినేషన్ బోర్డు కేసులో 2009లో, మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయం కేసులో 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల ప్రకారం పరీక్ష నిర్వహించే సంస్థ ఆ పనిలో "సేవ" అమ్ముతున్నట్టు కాదు, పరీక్ష రాసే విద్యార్థి "వినియోగదారుడు" కాదు. ఆ దారిలో పెద్దగా ఆశ పెట్టుకోలేం.

ఇక పౌర సేవల హామీ. 2010లో మధ్యప్రదేశ్ మొదటిసారి సేవల హామీ చట్టం తెచ్చింది. గడువులోగా సేవ అందకపోతే బాధ్యుడైన అధికారికి జరిమానా వేయడం దాని ప్రాణం. బిహార్, కర్ణాటక, ఇంకా చాలా రాష్ట్రాలు ఆ బాటలో నడిచాయి. కేంద్ర స్థాయిలో నిర్ణీత గడువులో సేవలు, ఫిర్యాదుల పరిష్కారం కోసం 2011 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన బిల్లు మాత్రం 2014లో సభ రద్దుతో మురిగిపోయింది. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2009లో పౌర కేంద్రిత పాలన మీద ఇచ్చిన 12వ నివేదికలో, సిటిజన్ చార్టర్లు గోడకు వేలాడే కాగితాలుగా మిగలకూడదని ఎంత చెప్పినా, మన చాలా పరీక్షల విభాగాల దగ్గర రుసుముల పట్టిక కనిపిస్తుంది గానీ గడువుల పట్టిక కనిపించదు. ట్రాన్స్‌క్రిప్టుకు ఎంత కట్టాలో రాసి ఉంటుంది, ఎన్నాళ్లకు ఇస్తారో ఉండదు. తత్కాల్ రుసుము కడితే త్వరగా ఇస్తామన్న చోట ఇంకో ప్రశ్న పుడుతుంది. ఎక్కువ డబ్బు కడితే మూడు రోజుల్లో చేయగలిగిన పని, మామూలుగా కడితే మూడు వారాలు ఎందుకు పట్టాలి?

ఫీజు బకాయి పేరుతో పట్టా ఆపవచ్చా?

మన రెండు రాష్ట్రాల్లో అతి పెద్ద గాయం ఇదే. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం వల్ల లక్షల కుటుంబాల్లో మొదటి తరం ఇంజినీర్లు, పట్టభద్రులు వచ్చారు. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడను. కానీ ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైనప్పుడు కొన్ని ప్రైవేటు కళాశాలలు "ముందు మీరు కట్టండి, సర్కారు ఇచ్చాక తిరిగిస్తాం" అని సర్టిఫికెట్లు ఆపడం ఏళ్ల తరబడి వార్తల్లో చూస్తున్నాం. కళాశాల ఇబ్బంది నిజమే. అధ్యాపకుల జీతాలు ఆగుతాయి. కానీ అప్పు ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్య ఉంటే, తాకట్టు వస్తువు విద్యార్థి భవిష్యత్తు ఎలా అవుతుంది?

చట్టం కోణంలో చూడండి. బకాయి తీరేదాకా ఎదుటివాడి వస్తువును అట్టిపెట్టుకునే హక్కు గురించి 1872 భారత కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ మాట్లాడుతుంది. ఆ సాధారణ హక్కు బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు, రేవు గిడ్డంగుల వాళ్లు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లకు మాత్రమే ఉంది. ఆ జాబితాలో కళాశాల లేదు. బకాయి ఉంటే వసూలుకు సివిల్ దావా ఉంది, ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చే దారి ఉంది. పట్టా అమ్ముకునే సరుకు కాదు. కళాశాల బీరువాలో ఉంటే దాని విలువ సున్నా, విద్యార్థి చేతిలో ఉంటేనే అది జీతమవుతుంది, ఆ జీతంతోనే అప్పు తీరుతుంది. పట్టా ఆపి అప్పు వసూలు చేయాలనుకోవడం, నాగలి జప్తు చేసి శిస్తు కట్టమన్నట్టు ఉంటుంది.

ఈ దెబ్బ అందరికీ సమానంగా తగలదు. డబ్బున్నవాళ్లు లక్ష కట్టి కాగితం తెచ్చుకుంటారు. కూలి పనికి వెళ్లే తల్లిదండ్రులున్న విద్యార్థి గడువు దాటిపోతుంటే చూస్తూ ఉండిపోతాడు. పథకం ఎవరి కోసం పెట్టారో, సరిగ్గా వాళ్లకే పట్టా దూరమవుతుంది. పై కులం, కింది కులం, ఊరు, పట్నం తేడాలు పరీక్ష హాల్లో తగ్గినా కౌంటర్ దగ్గర మళ్లీ లేచి నిలబడతాయి.

విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల్లో, చేరేటప్పుడు ఇచ్చిన ఒరిజినల్ పత్రాలను, చదవదలచుకోని కోర్సుకు ఫీజు కట్టించడానికి అట్టిపెట్టుకోవడాన్ని ఫిర్యాదు చేయదగిన విషయంగా చేర్చారు. ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ, దానిపై అంబుడ్స్‌పర్సన్ ఉండాలన్నారు. మంచిదే. కానీ కోర్సు పూర్తి చేసి, ప్రభుత్వ బకాయి వల్ల చిక్కుకున్న విద్యార్థి గురించి కూడా ఇంతే సూటిగా ఒక వాక్యం కావాలి.

అటు వైపు వాదన కూడా విందాం

ఏకపక్షంగా రాస్తే వ్యాసం కాదు, నినాదం అవుతుంది. పరీక్షల విభాగాల వాళ్లు చెప్పే మాటల్లో నిజముంది.

మొదటిది, నకిలీల బెడద. యూజీసీ ఏటా నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా ప్రకటించాల్సి వస్తోందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. తనిఖీ లేకుండా ధ్రువపత్రాలు ఇస్తే నిజాయితీగా చదివిన మనకే నష్టం. రెండోది, సిబ్బంది కొరత. ఒక్కో విశ్వవిద్యాలయం కింద వందల కళాశాలలుంటే, రికార్డు గదిలో పది మంది కూడా ఉండరు. పైన చెప్పిన 2011 తీర్పులోనే సుప్రీంకోర్టు, సిబ్బంది తమ సమయంలో ఎక్కువ భాగం సమాచారం సేకరించి ఇవ్వడానికే వెచ్చించే పరిస్థితి రాకూడదని హెచ్చరించింది. మూడోది, పాత రిజిస్టర్లు చేతిరాతలో ఉంటాయి, వెతకడానికి సమయం పడుతుంది.

ఈ మూడు ఇబ్బందులూ నిజమే. కానీ వాటి మందు ఆలస్యం కాదు. నకిలీని పట్టుకునేది విద్యార్థిని నాలుగుసార్లు తిప్పడం వల్ల కాదు, రికార్డు సరిగా ఉండి, అడిగిన సంస్థ నేరుగా సరిచూసుకోగలగడం వల్ల. నిజానికి అసలు పత్రం ఎంత ఆలస్యమైతే నకిలీ వ్యాపారికి అంత గిరాకీ. సిబ్బంది కొరత ఉన్నప్పుడు ప్రతి విద్యార్థీ విడివిడిగా దరఖాస్తు పెట్టడం పని పెంచుతుంది. ఫలితాలతోపాటే బ్యాచ్ మొత్తానికి ఒకేసారి ఇస్తే పని తగ్గుతుంది. అంటే విద్యార్థికి మేలు చేసే పద్ధతే కార్యాలయానికీ తేలిక.

డిజిటల్ లాకర్ ఉందిగా?

ఉంది. 2015లో డిజిలాకర్ మొదలైంది. 2016 అక్టోబరులో జాతీయ అకడమిక్ డిపాజిటరీకి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2017లో సవరించిన ఐటీ నిబంధనల ప్రకారం డిజిలాకర్‌లో జారీ అయిన పత్రం అసలు పత్రంతో సమానం. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు వచ్చాయి. డిపాజిటరీ అన్న పేరును ఒకసారి గమనించండి. డిపాజిట్ అంటే మన సొమ్ము వాళ్ల దగ్గర దాచడం. నేను మొదట చెప్పిన సూత్రాన్ని ప్రభుత్వమే పేరులో ఒప్పుకుంది.

కానీ పేరులో ఉన్నది ఆచరణలో పూర్తిగా రాలేదు. విశ్వవిద్యాలయం ఎక్కిస్తేనే లాకర్లో పత్రం కనిపిస్తుంది. కొత్త బ్యాచ్‌లకు దొరుకుతున్నంత తేలిగ్గా పాత బ్యాచ్‌లకు దొరకదు. ఆధార్‌లో పేరు, మెమోలో పేరు కలవకపోతే లాకర్ తలుపు తెరుచుకోదు. అన్నిటికంటే విచిత్రం, ఒక ప్రభుత్వ సంస్థ జారీ చేసిన డిజిటల్ పత్రాన్ని ఇంకో ప్రభుత్వ కార్యాలయం "ఒరిజినల్ తెండి" అని పక్కన పెట్టడం. సాంకేతికత ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని నమ్మమని కింది స్థాయికి స్పష్టమైన ఉత్తర్వు వెళ్లాలి. ఈ-గవర్నెన్స్ మీద ప్రశ్న వస్తే ఈ ఉదాహరణ వాడుకోండి.

బయటి దేశాల్లో ఎలా ఉందో కూడా ఒక మాట. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం కింద విద్యార్థి తన రికార్డు చూడాలని అడిగితే సంస్థ 45 రోజుల్లోపు చూపించాలి. ఐరోపా సమాఖ్య డేటా నిబంధనల్లో వ్యక్తి తన సమాచారం అడిగితే సాధారణంగా ఒక నెలలో ఇవ్వాలి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా తన డేటా గురించి తెలుసుకునే హక్కునూ, తప్పు దిద్దించుకునే హక్కునూ వ్యక్తికి గుర్తించింది. విద్యా రికార్డులకు దాన్ని గడువులతో సహా వర్తింపజేయడమే తరువాయి.

ఏం మారాలి?

నా దృష్టిలో నాలుగు మార్పులు చాలు.

ఒకటి, ఫలితాలు వచ్చిన నిర్ణీత రోజుల్లో పీసీ, సీఎంఎం, డిజిటల్ ట్రాన్స్‌క్రిప్టు దరఖాస్తు అవసరం లేకుండానే ప్రతి విద్యార్థికీ చేరాలి. దరఖాస్తు అనేది పోగొట్టుకున్నవాళ్లకూ, అదనపు నకళ్లు కావలసినవాళ్లకూ మిగలాలి.

రెండు, రుసుముల పట్టిక పక్కనే గడువుల పట్టిక ఉండాలి. ఒక్కో పత్రానికి బాధ్యుడైన అధికారి హోదా రాసి ఉండాలి. రాష్ట్రాల సేవల హామీ చట్టాల పరిధిలోకి విశ్వవిద్యాలయ పత్రాలను తేవాలి.

మూడు, ఫీజు బకాయి ఏదైనా సరే, డిగ్రీ, మెమోలు, టీసీ ఆపకూడదని అనుబంధ గుర్తింపు షరతుల్లోనే రాయాలి. దాంతోపాటు రీయింబర్స్‌మెంట్ డబ్బు విడుదలకు ప్రభుత్వం కూడా తనకు తాను గడువు పెట్టుకోవాలి. ఒక్క కళాశాలనే తప్పు పట్టి వదిలేస్తే న్యాయం సగమే.

నాలుగు, నియామక సంస్థలు విశ్వవిద్యాలయం నుంచి నేరుగా సరిచూసుకోవాలి. ఆలస్యం విశ్వవిద్యాలయానిదని రుజువైనప్పుడు అభ్యర్థికి గడువు పెంచే నియమం ఉండాలి. ప్రభుత్వం దగ్గర ఒక గదిలో ఉన్న సమాచారాన్ని ఇంకో గదికి మోసుకెళ్లే పని పౌరుడిది కాకూడదు.

అప్పటిదాకా మీరు చేయాల్సింది

ఇవన్నీ మారేలోపు మన పరీక్షలు ఆగవు. అందుకని కొన్ని జాగ్రత్తలు చెప్తాను.

ఈ వారమే పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా అన్నీ పరుచుకుని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దుబాటుకు పెట్టండి. నోటిఫికేషన్ వచ్చాక ఆ క్యూ పొడుగవుతుంది. డిజిలాకర్‌లో మీ పత్రాలు వచ్చాయో లేదో చూసుకోండి.

దరఖాస్తు ఎప్పుడూ రాతపూర్వకంగా ఇవ్వండి. ఇన్‌వార్డు నంబరు, తేదీ వేసిన రసీదు తీసుకోండి. చలానా నకలు దాచుకోండి. "సార్ సీట్లో లేరు" అంటే గొడవ పడకండి, కానీ ఎవరి దగ్గర ఫైలు ఉందో హోదా అడిగి రాసుకోండి. ఆ సీట్లో కూర్చున్న అన్నకో, అక్కకో కూడా నూటయాభై ఫైళ్లు ఉంటాయి. మర్యాద తగ్గకుండా, పట్టు విడవకుండా అడగండి.

సహేతుకమైన సమయం దాటితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అందులో "నా సర్టిఫికెట్ ఇవ్వండి" అని రాయకండి, అది సేవ కోసం వినతి అవుతుంది. "ఫలానా తేదీన, ఫలానా ఇన్‌వార్డు నంబరుతో ఇచ్చిన దరఖాస్తుపై ఇప్పటిదాకా తీసుకున్న చర్య, ఫైలు ఏ అధికారి వద్ద ఎన్ని రోజులు ఉంది, నోట్‌ఫైలు నకలు" అని అడగండి. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ప్రైవేటు అనుబంధ కళాశాల నేరుగా ఈ చట్టం కిందికి రాకపోయినా, చట్టప్రకారం విశ్వవిద్యాలయం తెప్పించుకోగల సమాచారాన్ని విశ్వవిద్యాలయం ద్వారా అడగవచ్చు. ఇవ్వం అంటే కారణం రాసివ్వమనండి. తమ నిర్ణయం ప్రభావం పడే వ్యక్తికి కారణాలు చెప్పాలని 4(1)(డి) సెక్షన్ చెబుతోంది. గడువు మరీ ముంచుకొస్తే 226వ అధికరణ కింద హైకోర్టు ఉంది. పేదవారికి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

చివరగా ఒక మాట. మనం రాస్తున్న పరీక్ష కౌంటర్‌కు అటు వైపు కూర్చోవడానికి. రేపు మీరు ఉన్నత విద్యా శాఖలోనో, ఒక జిల్లాలోనో బాధ్యతలో ఉన్నప్పుడు, "విద్యార్థి అడగలేదు కాబట్టి ఇవ్వలేదు" అన్న జవాబు మీ ముందుకు వస్తుంది. ఆ ఫైలు మీద ఏం రాస్తారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో అడిగినా అడుగుతారు.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "పౌరుడి సమాచారం ప్రభుత్వ సంస్థల వద్ద ఉన్నప్పుడు, ఆ సంస్థ యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే." ఉన్నత విద్యా రికార్డుల నేపథ్యంలో ఈ వ్యాఖ్యను చర్చించి, అమలు చేయదగిన సంస్కరణలు సూచించండి.

రాసి చూడండి. నాతో ఏకీభవించని వాదన మీ దగ్గర ఉంటే దాన్నే రాయండి. మూల్యాంకనం చేసేవారికి కావలసింది నా అభిప్రాయం కాదు, మీ తర్కం.